డ్రైవరు వీపు మీద నా ఫోన్ నంబరు

పోయిన వారం మీరు నన్ను వదిలి వెళ్ళేసరికి నేను ఆసుపత్రి లాండ్రీలో తలుపు దగ్గరకు వేసుకుని, దుప్పట్ల మీద వార్డు గుర్తులు వేసే చెరగని ఇంకుతో మా అమ్మాయి పరుగు చొక్కా లోపలివైపు ఏదో రాస్తున్నాను. ఎందుకు రాయాల్సివచ్చిందో మరిచిపోయినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను.

రోగుల వెంట వచ్చినవాళ్ళు వరండాలో నేల మీద పడుకుంటున్నారని, వాళ్ళకో గది కట్టించడానికి చందాల పరుగు పందెం పెట్టారు. జట్టుకి ఐదుగురు. ఐదుగురూ కలిసి గీత దాటితేనే లెక్క. ఒక్కరు కూలబడితే మిగతా నలుగురి చెమటా వృథా. రక్తపరీక్షల గదిలో పనిచేసే మా అమ్మాయి నాతో మాటమాత్రమైనా అనకుండా మా ఆసుపత్రి జట్టులో పేరిచ్చేసింది. చిన్నతనంలో గుండెకి ఆపరేషన్ అయిన పిల్ల. ఆ సంగతి జట్టులో ఎవరికీ చెప్పకూడదని నా చేత ఒట్టు కూడా వేయించుకుంది. చెప్పనని ఒట్టు వేశాను గాని, చూస్తూ కూర్చుంటానని వేయలేదు. ఐదో మనిషి దొరక్క వాళ్ళు తిరుగుతుంటే నా పేరిచ్చాను. పరుగెత్తడానికి కాదు, కాపలాకి.

మోకాలి నొప్పి కూడా ఆ కాపలాలో భాగమే. పిల్ల రొప్పుతున్నట్టు అనిపించగానే నేను మోకాలు పట్టుకుని గట్టు మీద చతికిలబడేదాన్ని. అందరూ ఆగేవాళ్ళు, పిల్లకి ఊపిరి అందేది. అయినా నా మోకాలు ఎంతకని కాస్తుంది? నేను వెనకబడి, అది ముందు పడిపోతే చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేస్తారు? లేపి కూర్చోబెడతారు, నోట్లో నీళ్ళు పోస్తారు, ముఖాన విసురుతారు. అందుకని రాశాను. పడితే ఎవరో ఒకరు చొక్కా వదులు చేస్తారు, అప్పుడు చదువుతారు. ఆ రాత పైకి కనిపించదు గనక ఒట్టు తప్పినట్టూ కాదు.

ఇక అక్కడి నుంచి జరిగింది వినండి.

మర్నాడు ఉదయం డ్యూటీకి ముందే మేం ఎప్పటిలాగే లాండ్రీ వెనక ఆవరణలో చేరాం. లాండ్రీ దగ్గర మొదలుపెట్టి, అంబులెన్సుల షెడ్డు, జనరేటరు గది, మార్చురీ, వంటశాల దాటి మళ్ళీ లాండ్రీకి రావడం మా సాధన. పరుగు కోసం దారి వేయమంటే మార్చురీ మీదుగా వేసే మనుషుల్ని ఏమనాలి? నేను ప్రతిసారీ అక్కడ మొహం తిప్పుకునే దాటుతాను. పెద్ద సిస్టరుకి ఇవేమీ పట్టవు. మెడలో ఈల వేసుకుని, వార్డులో రౌండ్లు చూసినట్టే మమ్మల్నీ చూస్తుంది. వంటాయన పరుగెత్తుతూ కూడా కబుర్లు ఆపడు, వెనక్కి తిరిగి చెబుతూ పరుగెత్తుతాడు, ఏదో ఒక రోజు స్తంభానికి కొట్టుకుంటాడని నా భయం.

వీళ్ళందరికీ నాయకుడు అంబులెన్సు డ్రైవరు. బండెక్కితే గాలితో పోటీపడే మనిషికి, నేల మీద పరుగనేసరికి బూటు లేసులు నిలవవు. నాలుగడుగులు వేస్తాడు, వంగుతాడు, విప్పుతాడు, తీరిగ్గా ముడి వేస్తాడు, లేచి మబ్బు పట్టిందా లేదా అని ఆకాశం చూస్తాడు. వంటాయన ఆయనకి 'బ్రేకు' అని పేరు పెట్టాడు. స్ట్రెచరు మీద మనిషిని కదలకుండా కట్టడం వచ్చినవాడికి రెండు లేసులు కట్టుకోవడం రాదా అని నాకు ఒళ్ళు మండేది. ఇలాంటి నాయకుడిని పెట్టుకుని పందెమా అని ఇంటికెళ్ళి ఎన్నిసార్లు అన్నానో. ఆయన ఆగినప్పుడల్లా మా పిల్లకి ఊపిరి అందుతోందన్న సంగతి మాత్రం నా బుర్రకి తట్టలేదు.

ఆ రోజు జరిగిన పొరపాటు మా లాండ్రీవాళ్ళ వల్ల తప్ప మరొకరి వల్ల జరగదు. మా దగ్గర ఏ గుడ్డయినా తిరగేసి ఉతుకుతాం, తిరగేసే ఆరేస్తాం, అలాగే మడత పెట్టి ఇస్తాం. కుట్లలో మురికి ఉండిపోకూడదని పద్ధతి. తొడుక్కునేవాళ్ళు తిరగేసుకోవాలి. పైగా పెద్ద సిస్టరు ఐదుగురికీ ఒకే కొలతలో, ఒకే పసుపురంగులో సంచుల్లాంటి చొక్కాలు తెప్పించింది. ఉతికిన ఐదూ తోపుడు బండి మీద దొంతర పెట్టి, మా అమ్మాయిది అన్నిటికన్నా పైన ఉంచాను, వచ్చీరాగానే నా చేత్తోనే అందిద్దామని. అదేమో రాత్రి వచ్చిన రక్తం సీసాలు అప్పజెప్పి రావాలి, ఆలస్యం. ఈలోగా బండి దిగిన డ్రైవరు ఆదరాబాదరాగా వచ్చి, పైనున్న చొక్కా లాక్కుని, షెడ్డు చీకట్లో తొడుక్కుని, ఈల వినిపించగానే పరుగందుకున్నాడు. నేను అప్పుడే గట్టు మీద కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాను.

తలెత్తి చూసేసరికి నా చేతిరాత నాకు దూరంగా పరుగెత్తిపోతోంది.

తిరగేసిన చొక్కాలో, డ్రైవరు వీపు నిండా, వార్డు గుర్తులంత లావు అక్షరాలు. చివర నా ఫోన్ నంబరు. నాకేమైందో నాకే తెలియదు. చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని లేచాను. వంటాయన్ని దాటాను. పెద్ద సిస్టరుని దాటాను. అప్పుడే వచ్చి కలిసిన మా అమ్మాయిని భుజంతో నెట్టుకుని దాటాను. మార్చురీ ముందు మొహం తిప్పుకోవడం కూడా మరిచిపోయాను. వంటశాల గుమ్మం దగ్గర డ్రైవరుని అందుకుని, చేతిలో గుడ్డ ఆయన వీపున కప్పి రెండు చేతులా అదిమిపట్టాను. ఆయన నిప్పంటుకుందనుకుని గెంతాడు. గుడ్డ జారిపోయింది.

వెనకే వచ్చిన వంటాయన రొప్పుతూనే పైకి చదివాడు. "ఈ పిల్లకి చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయింది. పడిపోతే లేపి కూర్చోబెట్టవద్దు. నోట్లో ఏమీ పోయవద్దు. చుట్టూ మూగవద్దు. వెంటనే వాళ్ళ అమ్మకి ఫోన్ చెయ్యండి."

చదివి, డ్రైవరు నెరిసిన మీసం వంక చూసి, వంటాయన కడుపు పట్టుకున్నాడు.

డ్రైవరు తన వీపు చూసుకోనైనా లేదు. ఒక్క క్షణం నా ముఖం చూశాడు, మా అమ్మాయి ముఖం చూశాడు, మీసం దువ్వుకున్నాడు.

"నాదే. ఆపరేషన్ అయింది నాకే," అన్నాడు.

"మరి ఈ పిల్ల అని ఉందేంటి?"

"ముద్దుగా రాశారు."

వంటాయన ఊరుకునే రకమా? తన వంటశాల తువ్వాళ్ళ మీద గుర్తులు వేసే చెయ్యీ ఇదీ ఒకటేనని, కావాలంటే తువ్వాలు తెచ్చి పక్కన పెట్టి చూపిస్తానని అన్నాడు. నేను నేలవంక చూస్తున్నాను. ఈలోగా పెద్ద సిస్టరు వచ్చింది. ఆవిడకి ఎగశ్వాస లేదు, చెమట లేదు. వీపు చదివింది, నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"మోకాలెలా ఉందమ్మా?" అంది.

నేను జారిపోయిన గుడ్డ ఏరుకున్నాను.

"మొన్న కుడికాలు పట్టుకున్నావు. నిన్న ఎడమకాలు. ఇవాళ రెండూ కుదురుకున్నట్టున్నాయి. మా అందరికన్నా ముందు వచ్చావు."

నేను ఏం చెప్పేదాన్ని? ఎవరి చొక్కానో ఎవరో వేసుకున్నారని, రాసినవాళ్ళెవరో నాకు తెలియదని, ఆ నంబరు నాదిలా ఉంటుందిగాని నాది కాదని ఏదేదో గొణిగాను. నా బాధంతా పిల్ల గురించే. గుట్టు బయటపడింది, ఇక దీన్ని జట్టులోంచి తీసేస్తారు, తీసేస్తే మంచిదే, కాని అది జన్మలో నా మొహం చూడదు.

"చాలు మావయ్యా, మీరు ఊరుకోండి," అంది మా అమ్మాయి డ్రైవరుతో. తర్వాత నావైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది. "వీళ్ళందరికీ తెలుసమ్మా. చేరిన రోజే చెప్పాను. గుండె డాక్టరు చూసి పరుగెత్తమన్న సంగతి కూడా చెప్పాను."

నా చెవులు నేనే నమ్మలేదు. మరి నా చేత ఒట్టు ఎందుకు వేయించుకున్నావే అని అడిగాను.

"నువ్వు చెబితే ఆపరేషన్ అయిందని చెప్పవు కాబట్టి. నేను చచ్చిపోతానని చెబుతావు కాబట్టి."

వంటాయన నవ్వు ఆపేశాడు. వంటశాలలో పాలు పొంగుతున్న వాసన వచ్చినా కదల్లేదు.

అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చింది. మొదట్లో మధ్యమధ్య ఆగుతూ పరుగెత్తమని డాక్టరు అన్నాడట. ఆగమని నలుగురిలో చెబితే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని డ్రైవరు లేసులు విప్పుకుని కట్టుకున్నాడట. దాని ముఖం రంగు చూస్తూ కట్టేవాడట, తేటగా అయ్యేదాకా ముడి పడేది కాదు. ఆకాశం చూడడం ఊరికే వేషం. ఇన్నాళ్ళూ ఆయన్ని నేను తిట్టుకున్న తిట్లన్నీ వరసగా గుర్తొచ్చి నా నాలుక నాకే చేదయింది.

పెద్ద సిస్టరుకి ఇందులో దేనికీ జాలి కలగలేదు. అసలు కోపం ఆవిడదే.

"ఒకరిది లేసు, ఒకరిది మోకాలు. ఆయన కట్టి లేచేసరికి ఈవిడ కూర్చుంటుంది. ఈవిడ లేచేసరికి ఆయన వంగుతాడు. డాక్టరు మధ్యమధ్య ఆగమన్నాడు, మీరిద్దరూ కలిసి మధ్యమధ్య పరుగెత్తిస్తున్నారు. ఈ పిల్ల గుండె ఎంత ఓర్చుకోగలదో ఇవాళ్టికీ ఎవరికైనా తెలుసా? దానికి తెలుసా?" అంది. "పందెం రోజు మొదటిసారి తెలుసుకుంటుందా?"

డ్రైవరు వంగి, నిజంగానే ఊడిపోయిన లేసు కట్టుకోవాలో వద్దో తెలియక మళ్ళీ నిలబడ్డాడు.

వంటాయన పాల దగ్గరికి, పెద్ద సిస్టరు వార్డుకి వెళ్ళిపోయాక మా అమ్మాయి నన్ను లాండ్రీ గుమ్మం దాకా నడిపించుకొచ్చింది. కోపంలో కూడా నా మోచెయ్యి పట్టుకునే నడుస్తుంది, అదేం పిల్లో. అడిగాను, ఇంతమంది ఉండగా నువ్వే ఎందుకే పరుగెత్తాలి, చందా రాసిచ్చి ఊరుకోవచ్చు కదా అని. అది వరండా వైపు చూపించింది. ఆ వేళప్పుడు అక్కడ ఎవరో చాపలు చుట్టుకుంటున్నారు.

"కుళాయి పక్కన, ఆ మూల. నాకు ఆపరేషన్ అయినప్పుడు నువ్వు పడుకున్న చోటు అదే. ఎవరో చీకట్లో నీ చెయ్యి తొక్కి వెళ్ళారు. తొక్కినవాళ్ళు ఏమీ అనలేదు. నువ్వే లేచి క్షమించండి అన్నావు. నేను కిటికీలోంచి చూశాను."

నాకది గుర్తే లేదు. తొక్కితే తొక్కారు, అప్పుడు నాకు చెయ్యి ఉన్న సంగతి ఎక్కడ తెలుసు? ఆ మాటే అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. విసుగొచ్చినప్పుడు వాళ్ళ నాన్నలాగే ఊపుతుంది.

"నీకు గుర్తులేదు. నాకు ఉంది. అందుకే," అంది. "రేపు పెద్ద రోడ్డు మీద పందెం దూరం మొత్తం పరుగెత్తి చూస్తాను. సిస్టరుకీ వంటాయనకీ డ్యూటీ ఉంది. మావయ్య తోడు వస్తాడు, లేసులు ముట్టుకోనని ఒప్పుకున్నాడు. నువ్వు రావద్దు. నా చొక్కా ముట్టుకోవద్దు, మడత విప్పి చూడొద్దు. ఆమాత్రం చెయ్యలేనంటే ఇప్పుడే చెప్పు, పేరు తీయించేస్తాను. అప్పుడు నీ ప్రాణం హాయిగా ఉంటుంది."

సరే అన్నాను. నా నోటినుంచి వచ్చిన సరే నాకే ఎవరిదోలా వినిపించింది.

డ్రైవరు మాత్రం ఇంకా తోపుడు బండి దగ్గరే ఉన్నాడు. ఆ చొక్కా ఇలా ఇచ్చెయ్ అన్నయ్యా, చింపి నేల తుడిచే గుడ్డ చేస్తాను, వేరేది తెప్పిస్తాను అన్నాను. ఆ ఇంకు సబ్బుకి లొంగదు, సోడాకి లొంగదు, నాకు తెలుసు. ఆయన చొక్కా విప్పి, సరిగ్గా తిరగేసి, రాత లోపలికి వెళ్ళేలా మళ్ళీ తొడుక్కున్నాడు.

"ఉండనీ చెల్లెమ్మా," అన్నాడు. "నేను పడిపోతే ఫలానావాళ్ళకి ఫోన్ చెయ్యమని రాసేవాళ్ళు నాకు మాత్రం ఎవరున్నారు?"

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఆయన భార్య పోయిందని తెలుసుగాని, ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని ఆ పూట దాకా నేను అడిగింది లేదు.

సాయంత్రం ఐదు చొక్కాలూ మళ్ళీ లాండ్రీకి వచ్చాయి. తిరగేసి ఉతికారు, తిరగేసి ఆరేశారు. మడత పెట్టేటప్పుడు మాత్రం నేను అటు పోలేదు. నా తోటి పనామె మడిచి దొంతర పెట్టింది. ఒక్క చొక్కా కొస ఎత్తి చూస్తే చాలు, రాత ఉన్నదేదో తెలిసిపోతుంది, డ్రైవరుది డ్రైవరుకి వేరుగా పెట్టొచ్చు. రెండుసార్లు బండి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మాటంటే మాటే. జీవితంలో మొదటిసారి పిల్ల చెప్పినట్టు విందామనుకున్నాను.

తెల్లారి అది బయలుదేరుతుంటే జాగ్రత్త అన్న మాట కూడా మింగేశాను. గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, నా బుగ్గ గిల్లి పోయింది. ఎప్పుడో గాని అలా చెయ్యదు. దానికీ భయపడ్డాను.

వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. లాండ్రీకి వేళవుతోందని తెలుస్తున్నా కాలు కదల్లేదు. ఈపాటికి షెడ్డు దాటి ఉంటారు, ఈపాటికి మార్చురీ దాటి పెద్ద రోడ్డు ఎక్కి ఉంటారు అని లోపల్లోపల వాళ్ళ వెంట పరుగెత్తుతూనే ఉన్నాను. ఫోను మోగింది. కొత్త నంబరు. తడిచేత్తోనే తీశాను.

ఎవరో మగమనిషి. వెనక బండ్ల మోత. మీరెవరో నాకు తెలియదండీ, చొక్కా లోపల ఈ నంబరు రాసి ఉంటే చేస్తున్నాను అన్నాడు. పరుగెత్తుతూ పరుగెత్తుతూ రోడ్డు పక్కన పడిపోయారట. వెంట ఉన్న ఇంకొకరు గుండె మీద రెండు చేతులా నొక్కుతున్నారట, ఆ మనిషికి చెయ్యి ఖాళీ లేక, రాసి ఉన్న నంబరుకి చెయ్యమని తనకి చెప్పారట. అంబులెన్సుకి వేరేవాళ్ళు ఫోన్ చేశారట. తొందరగా రండి అన్నాడు.

ఇద్దరూ ఒకే పసుపు చొక్కాలు. ఒకే కొలత. దేంట్లో నా రాత ఉందో నేను చూడలేదు.

అతను ఫోను పెట్టేయబోతున్నాడు.

"బాబూ, ఒక్కమాట. ఆ పడిపోయిన మనిషికి మీసం ఉందా?"

చూడటానికి వంగినట్టున్నాడు, బండ్ల మోత దూరమైంది. ఉందని చెప్పాలని, ఉందనే చెప్పాలని వేడుకుంటున్నాను. నేను వేడుకుంటున్నది ఏమిటో, ఎవరు పడి ఉండాలని వేడుకుంటున్నానో తెలిసివస్తుండగానే అతను మళ్ళీ ఫోను చెవి దగ్గర పెట్టుకున్న చప్పుడైంది.